డెల్మా బండి పెట్టిన తీరు

బ్రౌన్ మౌంటెన్ ఘాట్ రోడ్డు దిగినంతసేపూ నోయెల్ కుడికాలితో కారు నేలని తొక్కుతూనే ఉన్నాడు. అతను కూర్చున్న వైపు బ్రేకు లేదు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఇన్నేళ్ళూ ఈ రోడ్డు మీద వెనక క్యారవాన్, అంటే చక్రాల మీద చిన్న ఇల్లు, తగిలించుకుని కారు నడిపినవాడు కదా, కాలు ఊరుకోలేదు.

"గేరు," అన్నాడు.

"మార్చాను."

"ఇంకోటి దించాలి."

"అదీ దించాను. నీ కాలి కింద చాప చిరిగేలా ఉంది, ముందు అది చూసుకో," అంది డెల్మా.

చలికాలంలో నోయెల్ మెడకి ఆపరేషన్ అయింది. తల పక్కకి తిరగదు. ఎటు చూడాలన్నా భుజాలూ నడుమూ కలిపి మనిషంతా తిరగాలి. క్యారవాన్ లాగే పని ఇక పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న రోజే నోయెల్ బండి అమ్మేద్దామన్నాడు. కొనడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. టెమోరాలో వాళ్ళ వీధి చివర ఉండే బ్రెంటన్ ఆ బండి మీద ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు.

"నేను నడుపుతాను," అంది డెల్మా.

నోయెల్ నవ్వాడు. నవ్వితే మెడ నొప్పెట్టి ఆపేశాడు. "ముందుకి ఎవరైనా నడుపుతారు డెల్మా. వెనక్కి నడపాలి. కెస్ట్రెల్ బేలో ఏటా మనం దిగే చోట్లో, ఇంకెవరి చెయ్యీ స్టీరింగు మీద పడకుండా నువ్వు బండి పెట్టావనుకో, అమ్మను. పెట్టలేకపోయావనుకో, ఇంటికి రాగానే బ్రెంటన్‌కి ఇచ్చేస్తాను. నువ్వు సణగకూడదు."

"సణగను," అంది డెల్మా. అప్పట్నుంచీ ఆమెకి సరిగ్గా నిద్ర లేదు.

ఏటా ఆ తీరానికి వచ్చే తిమింగలాల్ని ఇక చూడలేనని కాదు ఆమె బెంగ. అవి వస్తాయి, పోతాయి. టెమోరా ఇంట్లో నోయెల్ పొద్దున్న లేచి వెనక షెడ్డులోకి పోతే మధ్యాహ్నం అన్నం వేళకి వస్తాడు, మళ్ళీ పోతాడు. సాయంత్రం టీవీ. అదే మనిషి క్యారవాన్‌లో ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతాడు. ఆమె గిన్నెలు కడిగితే గుడ్డ తీసుకుని తుడుస్తాడు. ఎప్పుడో చచ్చిపోయిన పిన్నిని తలుచుకుని నవ్విస్తాడు. పోవడానికి అక్కడ షెడ్డు లేదు మరి! ఏడాదికి ఒక అక్టోబరు నెల ఆమెకి మొగుడు దొరుకుతాడు. బండి అమ్మేస్తే ఆ నెలా షెడ్డులోకే పోతుంది. ఈ మాట నోయెల్‌తో అంటే "నాతో ఇంట్లో మాట్లాడొద్దని ఎవరన్నారు?" అంటాడు. అందుకే అనలేదు.

కెస్ట్రెల్ బేలో క్యారవాన్లు దిగే పార్కు గేటు దగ్గర మేనేజరమ్మాయి టెగన్ కారులోకి వంగి చూసింది. "అరె, ఈసారి మీరా నడిపేది?"

"నడిపేది నేనే. బ్రేకులు ఆయనవి," అంది డెల్మా.

టెగన్ నోయెల్ కాలి వైపు చూసి, నవ్వు ఆపుకుని, గేటు ఎత్తింది. "మీ చోటు ఖాళీగానే ఉంది. అందరూ వచ్చేశారు. మీకోసమే చూస్తున్నారు."

డెల్మా భయమంతా ఆ చివరి మాటతోనే. సముద్రం పక్క కొండ మీదున్న ఆ పార్కులో జనం కుర్చీలు నీళ్ళ వైపు వేసుకుంటారు. కానీ గేటులోంచి కొత్తగా ఒక క్యారవాన్ వచ్చిందంటే చాలు, కుర్చీలన్నీ ఒక్కసారి దారి వైపు తిరుగుతాయి. తిమింగలం కనబడేది ఎప్పుడో ఒకసారి. మొగుడూ పెళ్ళాలు బండి వెనక్కి పెట్టుకోవడం మాత్రం రోజూ ఉంటుంది. దానికి టిక్కెట్టూ లేదు. ఇన్నేళ్ళూ డెల్మా వెనక నిలబడి చేతులూపి దారి చూపిస్తే, నోయెల్ ఒక్క ఊపులో బండి లోపల పెట్టేవాడు. ఆమె చేతులూపుడు చూసి "విమానం దిగుతోంది, తప్పుకోండి" అని అరిచే రాయిస్ ఈసారి కూడా అక్కడే ఉన్నాడు. చేతిలో బీరు డబ్బా, పక్కన పెళ్ళాం కోరల్. వాళ్ళకి కాస్త ఇవతల మెర్ల్ ముసలమ్మ. మొగుడు పోయినా తన చిన్న బండి తనే లాక్కుని ఏటేటా వస్తుంది. ఒళ్ళో ఊలు ఉంది గానీ సూదులు కదలడం లేదు.

"ఇదేమిటి, స్టీరింగు దగ్గర డెల్మా!" అన్నాడు రాయిస్. "కోరల్, ఇంకో బీరు తే. ఇది ఒక్క డబ్బాతో తేలేది కాదు."

"తాగి తాగి నీ బండి ఎక్కడుందో నువ్వు మర్చిపోకు," అంది డెల్మా అద్దం దించి.

నోయెల్ దిగాడు. ఇద్దరి దగ్గరా చెరో వాకీటాకీ. అతను బండి వెనకాల నిలబడ్డాడు. సరిగ్గా రెండు అద్దాల్లోనూ కనబడని చోట నిలబడ్డాడు. అక్కడ నిలబడకూడదని ఏళ్ళ తరబడి ఆమెకి పాఠం చెప్పిన మనిషి!

"కనబడటం లేదు నోయెల్."

"నేను కనబడక్కర్లేదు. నేను చెప్పింది విను. కొంచెం తిప్పు."

తిప్పింది.

"అంత కాదు. కొంచెం అన్నాను."

"నీ కొంచెం ఎంతో ముందు చెప్పు. ఉప్పు వేసేటప్పుడు కూడా ఇంతే. కొంచెం అంటావు, తర్వాత చప్పగా ఉందంటావు."

"ఉప్పు సంగతి ఇప్పుడెందుకు? అటు కాదు, ఇటు!"

స్టీరింగు ఎటు తిప్పితే వెనక బండి దానికి ఎదురు దిక్కుకి పోతుంది. ఆ సంగతి డెల్మాకి తెలుసు. తెలిసింది చేతుల్లోకి రావడానికి మాత్రం కొంత టైము పడుతోంది, ఆ లోపల బండి కదిలిపోతోంది. రెండో ప్రయత్నంలో కారూ క్యారవానూ మోచెయ్యి మడిచినట్టు మడతపడ్డాయి. మూడోసారి చక్రం టెగన్ పూలమొక్కల్లోకి ఎక్కింది.

"పెళ్ళికి ముందు మీ నాన్న పొలంలో ట్రాక్టరు నడిపేదాన్నని చెప్పావు!" అన్నాడు నోయెల్.

"నడిపాను. ముందుకి నడిపాను. గోధుమ చేలో ఎవడైనా వెనక్కి దున్నుతాడా?"

"పొద్దున వేసుకోవాల్సిన మందుబిళ్ళ నాకు ఇచ్చావా?"

"దారిలోనే ఇచ్చాను. మింగావు కూడా. నువ్వు మర్చిపోయేవి నా మీద వెయ్యకు."

"ఇలాగైతే బ్రెంటన్‌కి ఫోను చెయ్యాల్సిందే డెల్మా. బండి ఇచ్చేస్తానని ఈ సాయంత్రమే చెప్పేస్తాను."

ఎక్కడినుంచో గుప్పున నవ్వులు వినబడ్డాయి. డెల్మా చెవి పెట్టి వింది. నోయెల్ ఇంకా సణుగుతున్న మాటలే, రాయిస్ బండిలోంచి కూడా వస్తున్నాయి. అటు పక్క బండిలోంచీ వస్తున్నాయి. మెర్ల్ కుర్చీ కింద నుంచి కూడా. తిమింగలాలు ఎక్కడున్నాయో పడవల వాళ్ళు చెబుతారని పార్కంతా వాకీటాకీలు ఒకే నంబరు మీద పెట్టుకుని కూర్చుంటారు. బండి పెట్టుకునేవాళ్ళు వేరే నంబరుకి మార్చుకోవాలి. ఆ మార్చే పని ఎప్పుడూ నోయెల్‌దే. ఈసారి మర్చిపోయాడు.

"నోయెల్," అంది డెల్మా మెల్లగా, "నీ మందుబిళ్ళ సంగతి సముద్రం మీద పడవలకి కూడా తెలిసిపోయింది."

కోరల్ లేచి కారు దగ్గరికి వచ్చింది. "ఎవడా బ్రెంటన్?"

"మా వీధిలో ఉంటాడు. నేను పెట్టలేకపోతే బండి వాడిదే."

"అంటే ఇక మీరు రారా?"

డెల్మా స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడిచింది. కోరల్ మొహంలో నవ్వు పోయింది. ఆమె వెనకే రాయిస్ వచ్చాడు. వాడికి ఎగతాళి ఎంతో మంచితనమూ అంతే. "దిగు డెల్మా. రెండు నిమిషాల్లో పెట్టేస్తాను. నోయెల్ అటు తిరిగి ఉన్నాడు, వాడు మళ్ళీ ఇటు తిరిగేసరికి పని అయిపోతుంది."

నిజమే, అయిపోతుంది. డెల్మా చెయ్యి ఒక్క క్షణం తలుపు పిడి మీదికి పోయింది.

"వద్దులే," అంది. "ఇంకెవరి చెయ్యీ పడకూడదని మాట. పడితే నాకు తెలుస్తుంది కదా."

"తెలిస్తే ఏమవుతుంది?"

"ఇంకో ఏడాది నువ్వు రాకపోతే ఎవరు పెడతారు? పో, పోయి నీ బీరు తాగు."

అప్పుడే అన్ని వాకీటాకీల్లోంచీ ఒక్కసారి ఆడగొంతు వినబడింది. జనానికి తిమింగలాలు చూపించే పడవ నడిపే రోవీనాది. "డెల్మా ఎవరో గానీ, కాస్త ఆ మీట వదులు తల్లీ. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, సందు దొరకడం లేదు. మా పడవలో జనం తిమింగలాల్ని వదిలేసి మీ ఉప్పు గొడవ వింటున్నారు. తల్లీ పిల్లా సరిగ్గా మీ కొండ కిందికి వచ్చాయి. పిల్ల ఎగిరెగిరి పడుతోంది. చూసేవాళ్ళు పరిగెత్తండి."

కుర్చీలు దొర్లాయి. రాయిస్ పరిగెత్తాడు, కోరల్ పరిగెత్తింది, గేటు వదిలేసి టెగన్ పరిగెత్తింది. మెర్ల్ కూడా ఊలు కుర్చీలో పడేసి కర్ర పుచ్చుకుని నడిచింది. నోయెల్ "ఎడమకి, ఎడమకి..." అని, "ఒక్క నిమిషం డెల్మా, కదలకు," అని, మెడ బిగబట్టుకుని మనిషంతా ఒకేసారి తిరిగి వాళ్ళ వెనకే పోయాడు.

పార్కులో ఒక్క మనిషి లేడు. తీగ మీద ఎవరివో తువ్వాళ్ళు ఊగుతున్నాయి. కొండ అంచు నుంచి "అబ్బా!" అని అరుపులు వస్తున్నాయి. డెల్మాకీ పోయి చూడాలనే ఉంది. పిల్ల తిమింగలం ఎగరడం ఆమె ఎన్నోసార్లు చూసింది, ఎన్నిసార్లు చూసినా చాలదు. కానీ బండి పెట్టడం చూడటానికి ఎవరూ లేని సమయం ఈ పార్కులో మళ్ళీ దొరకదు.

వాకీటాకీ కట్టేసింది.

ఇటునుంచి వెళ్తే బండి ఎడమకి తిరగాలి. ఆ వైపు చక్రాలు అద్దంలో సగం కూడా కనబడవు. అదే కుడికి తిరిగేదైతే కిటికీలోంచి తల బయట పెడితే చాలు, చక్రమూ నేలా అన్నీ కంటి ముందే ఉంటాయి. వాళ్ళది వరసలో చివరి చోటు, దానికి అటువైపు కూడా దారి ఉంది. అటునుంచి ఎవరూ పెట్టరు. ఎందుకు పెట్టరో ఆమెకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా.

కారు ముందుకి పోనిచ్చింది. బట్టలుతికే గది వెనకనుంచి పార్కు చుట్టూ తిరిగి అటు దారిలోకి వచ్చింది. ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసింది. ఎక్కి, కాస్త వెనక్కి నడిపింది. మళ్ళీ ఆపి, దిగి చూసింది. మెర్ల్ ఇలాగే చేస్తుంది, అందరూ నవ్వుతారు. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు. బియ్యం ఏరుతున్నంత నిదానంగా చేసింది. ఒకసారి వంకర పోతే కంగారు పడకుండా ముందుకి లాగి సరి చేసుకుంది. "కొంచెం" అన్నది ఎంతో చెప్పే గొంతు లేకపోయేసరికి చేతులే చూసుకున్నాయి. చక్రాలు సిమెంటు చప్టా ఎక్కిన చప్పుడు వినబడింది. కారు ఆపేసింది.

అప్పుడు ఎవరైనా ఒక్కరు చూసి ఉంటే బాగుండుననిపించింది.

జనం తిమింగలాల గురించి చేతులూపుకుంటూ తిరిగి వచ్చారు. అందరికన్నా ముందు నోయెల్ ఆగాడు. వెనకవాళ్ళు అతన్ని గుద్దుకుని ఆగారు.

"ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే."

"కాదు, ఎవరు పెట్టారు?"

"ఇంకెవరున్నారు ఇక్కడ? తువ్వాళ్ళా?"

"టెగన్ పార్కు ట్రాక్టరుతో తోసి ఉంటుంది," అన్నాడు రాయిస్.

"నేను నీ పక్కనే కదా నిలబడ్డాను. నా కాలు తొక్కావు కూడా," అంది టెగన్.

నోయెల్ లోపలికి పోయి రసమట్టం తెచ్చాడు. బండి కొక్కెం మీద పెట్టి, నడుము వంచి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. చక్రాలు చప్టా మధ్యలో ఉన్నాయి. చుట్టూ తిరిగి చూడటానికి పోయాడు, అవతల వైపు నుంచి అతని కేక వినబడింది.

"తలుపు ఇటుందేమిటి?"

అందరూ అటు పోయారు. తలుపూ, గుడ్డ పందిరి వేసే వైపూ బట్టలుతికే గదికి ఎదురుగా ఉన్నాయి. నోయెల్ ఏటేటా కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ కూర్చునే వైపు నుంచి ఇప్పుడు తువ్వాళ్ళ తీగ కనబడుతోంది.

"తలకిందులు పెట్టింది!" అన్నాడు రాయిస్ ఆనందంగా. "నోయెల్, ఇక నువ్వు కోరల్ లంగాలు ఆరుతుంటే చూసుకోవాలిరా."

"చూడనీ పాపం, అవీ ఈదుతున్నట్టే ఉంటాయి," అంది కోరల్.

"ఎవరో ఇంకొకళ్ళు పెట్టి ఉంటారు. ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ పెట్టలేదు," అన్నాడు నోయెల్, కానీ గొంతులో బలం లేదు.

మెర్ల్ కర్ర మీద వాలి చూసింది. "బాబూ నోయెల్, నీ బండిలో గిన్నెలు కడిగే తొట్టి ఏ వైపుంది?"

"తలుపుకి ఎదురు వైపు."

"అంటే ఇప్పుడు దాని కిటికీ ఎటుంది?"

నోయెల్ ఆలోచించాడు.

"సముద్రం వైపు ఉంది," అంది మెర్ల్. "ఇన్నేళ్ళూ మీరంతా పందిరి కింద కూర్చుని తిమింగలాలు చూస్తుంటే, ఈ పిల్ల గిన్నెలు కడుగుతూ బాత్రూములకి పోయేవాళ్ళని చూసింది. వంటింటి కిటికీ సముద్రం వైపు పెట్టాలని ఏ మగాడికి తోస్తుంది? ఇది డెల్మా పనే. సాక్ష్యం ఇంకేం కావాలి?"

అందరూ డెల్మా వైపు తిరిగారు. నిజం చెప్పాలంటే ఆమెకి ఆ కిటికీ సంగతే తోచలేదు. కుడికి తిరగడం తేలికని అటునుంచి వచ్చింది, అంతే. చెబుదామని నోరు తెరిచింది. కోరల్ కళ్ళు మెరుస్తూ చూస్తోంది. టెగన్ చప్పట్లు కొడుతోంది. డెల్మా నోరు మూసుకుంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"టీ పెడతాను," అని లోపలికి పోయింది.

తొట్టి దగ్గర నిలబడి కిటికీ తెర పైకి లాగింది. నీళ్ళు, నీళ్ళ అవతల నీళ్ళు. దూరంగా తల్లి వీపు ఒకసారి నల్లగా తేలింది. ఆ పక్కనే పిల్ల ఊదిన ఆవిరి చిన్న పొగలా లేచి గాలికి చెదిరిపోయింది. కెటిల్ కింద పొయ్యి వెలిగించడం మర్చిపోయి ఆమె అలాగే నిలబడింది.

బయట మగవాళ్ళ హడావుడి వినబడుతోంది. కరెంటు తీగ ఇప్పుడు బండి కిందనుంచి లాగాలి. నీళ్ళ గొట్టం అందడం లేదు, రాయిస్ తన దగ్గరున్న ముక్క తెచ్చి కలుపుతున్నాడు.

"రేపు పొద్దున్న దీన్ని తిన్నగా తిప్పుదాం," అంటున్నాడు నోయెల్.

"తిప్పు," అంది డెల్మా కిటికీలోంచి.

"నేనెలా తిప్పుతాను?"

"నేనైతే తిప్పను. పెట్టమన్నావు, పెట్టాను. ఏ వైపు పెట్టాలో మాటలో లేదు."

రాయిస్ గొట్టం వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. నోయెల్ ఏదో అనబోయి, పందిరి వెయ్యాల్సిన వైపు నుంచి తన కుర్చీ తీసుకుని, బండి చుట్టూ తిరిగి, సరిగ్గా ఆమె కిటికీ కింద వేసుకున్నాడు. నీడ లేదు. టోపీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

"టీ అవుతోందా?" అన్నాడు సముద్రంతో. తల పైకెత్తి చూడలేడు కదా.

"ఇప్పుడే పెట్టాను," అంది డెల్మా. పొయ్యి అప్పుడు వెలిగించింది.

"తల్లి ఇంకా ఉందా? నాకు ఎండ కళ్ళలో పడుతోంది."

"ఉంది. కొండ కొస దగ్గర. పిల్ల పక్కనే ఉంది. నువ్వు కాస్త కుడికి తిరుగు. కొంచెం."

"నీ కొంచెం ఎంత?" అన్నాడు నోయెల్.

ఆమె జవాబు చెప్పేలోపే కింద ఫోను మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడింది. డెల్మా చేతిలో చెంచా ఆగిపోయింది.

"బ్రెంటన్? ఆఁ, చేరాం. విను, బండి సంగతి... అబ్బే, లేదు, అమ్మడం లేదు. బాగానే ఉంది, దానికేం కాలేదు. మా ఆవిడ పెట్టింది. అవును, తనే. ఎలా పెట్టిందో నేను చూడలేదు. కానీ తను పెట్టినట్టు ఇంకెవరూ పెట్టలేరు, బయటికి తియ్యడం కూడా తనకే తెలుసు. ఇంకేం చెయ్యను, తనతోనే తిరుగుతాను."

డెల్మా రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి కిటికీలోంచి కిందికి అందించింది. నోయెల్ చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు; కప్పు ఎక్కడుందో అతనికి కనబడటం లేదు, అతని చెయ్యి ఆమెకి కనబడుతోంది. కప్పు తెచ్చి సరిగ్గా అతని వేళ్ళకి తగిలించింది.